గాజుపందిరి కింద చెట్టుకప్ప

రోహిణి కార్తె, మొదటి రోజు

పచ్చ చెట్టుకప్ప జీవిత చరిత్ర ఈ రోజు మొదలుపెడుతున్నాను. పందిరి కింద ఇంకా బతికి ఉన్న ప్రాణుల్లో తలా ఒకదాని గురించి రాయాలని ఫకీరప్ప సారు బడిలో చెప్పారు. చీటీలు తీస్తే నాకు కప్ప వచ్చింది, వన్నూరుకు బల్లి వచ్చింది.

"బల్లికి చరిత్ర ఏముంటాది సార్? గోడ మింద పుట్టె, గోడ మింద సచ్చె" అన్నాడు వన్నూరు.

సారు వాడికి ఇంకో రెండు కాగితాలు ఇచ్చి, "ఆ మధ్యలో ఏం చేసిందో రాయి నాయనా" అన్నారు.

నా కప్పను అందరూ పచ్చప్ప అంటారు. పందిరి ఉత్తరం గోడలో, నిచ్చెన ఎక్కి వెళ్లే తడిగదిలో, పక్కకు పడుకోబెట్టిన మట్టికుండలో ఉంటాడు. ఆ గదికి ఒక జల్లెడ కిటికీ ఉంది. మా ఊరంతా బతికే ఇంత పెద్ద గాజుపందిరిలో బయటి గాలి నేరుగా లోపలికి వచ్చే చోటు అదొక్కటే. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు ఆ గదిలో చల్లడం ఇకనుంచి నా పని. చెంబు మీద మూత అదిమిపట్టుకుని నిచ్చెన ఎక్కుతుంటే కింద నుంచి అందరి కళ్లూ చెంబు మీదే ఉంటాయి. మనిషికి రోజుకు ఐదు చెంబులు. కప్పకు రెండు.

పచ్చప్ప నా అరచేతిలో పడతాడు. ఒళ్లంతా రెండాకులేసిన కొర్ర మొలక రంగు. పొట్ట మాత్రం గంజి తెలుపు. ప్రతి వేలి చివరా గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. దాన్ని బిళ్ల అనాలా, గుండీ అనాలా అని చాలాసేపు ఆలోచించాను. గుండీ అని రాస్తున్నాను. గాజు మీద ఎక్కుతుంటే తనను తాను గోడకు గుండీలు పెట్టుకుంటున్నట్టే ఉన్నాడు. ఈ వాక్యం నాకు బాగా నచ్చింది. సారు కొట్టెయ్యకపోతే బాగుండు.

రోహిణి, ఐదో రోజు

పచ్చప్ప నోటితో నీళ్లు తాగడు.

సారు చెప్పినప్పుడు నమ్మలేదు. ఈ రోజు కుండలో తడిగుడ్డ పరిచి చూశాను. ముందు కాళ్లు ఎడంగా పెట్టి, పొట్టను గుడ్డకు ఆనించి, పసిబిడ్డ బోర్లాపడినట్టు పడుకున్నాడు. తొడల మధ్య పొట్ట చర్మం పలుచగా, గరుకుగా ఉంటుంది. నీళ్లు అక్కడినుంచే లోపలికి పోతాయి. కాసేపటికి గుడ్డలో తడి తగ్గింది, అతను కొంచెం నిండుగా కనిపించాడు.

పగలు గాలి పొడిగా ఉన్నప్పుడు ఇంకో రకంగా కూర్చుంటాడు. నాలుగు కాళ్లూ పొట్ట కిందికి లాక్కుని, గడ్డం నేలకు ఆనించి, కళ్లు మూసుకుని ఒక ముద్దలా అయిపోతాడు. ఒంట్లో తడి పోకుండా అదొక మూత. నేను చెంబుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టే.

బొద్దింకను మింగేటప్పుడు రెండు కళ్లూ తలలోకి దిగిపోయాయి. తిండిని గొంతులోకి నెట్టేది ఆ కళ్లేనట. కళ్లతో తినెయ్యడం అనే మాటకు ఇంత అర్థం ఉందని నాకు తెలియదు. సాయంత్రం పాత చర్మం విడిచాడు. చొక్కా తలమీదుగా విప్పినట్టు విప్పి, దాన్ని కూడా తినేశాడు. మన పందిరిలో పుట్టిన ప్రాణే అనిపించింది. ఇక్కడ ఎవరూ ఏదీ పారెయ్యరు.

రోహిణి, తొమ్మిదో రోజు

పచ్చప్పకు రోజుకు రెండు చెంబులు ఎందుకిస్తారో రాయమన్నారు సారు. అందరికీ తెలిసిందే కదా అన్నాను. "రాయనిది ఎవరికీ తెలియదు" అన్నారు.

వాన రాకను ముందుగా చెప్పే యంత్రాలు నేను పుట్టకముందే పాడైపోయాయి. వాటి విడిభాగాలు తెలిసినవాళ్లు ఇప్పుడు లేరు. వాన నీళ్లు తొట్టిలో పడాలంటే పందిరి పైపలకలు తెరవాలి. బయట కట్టిన కాలువలు ఇసుకలో పూడిపోయి చాలా ఏళ్లయింది. ఊరికే తెరిచిపెట్టుకుని కూర్చోలేం. దుమ్ము, వేడిగాలి లోపలికి వస్తే మళ్లు మాడిపోతాయి. అందుకని పలకల కీళ్లన్నిటికీ మైనం పోసి మూసేశారు. తెరవాలంటే ఆ మైనమంతా గీకాలి, చక్రాలు తిప్పాలి. సగం రోజు పడుతుంది.

కాబట్టి వానకు ముందే తెలియాలి. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడు ఒకసారి, నడక నేర్చే వేళ ఇంకోసారి పచ్చప్ప కుండలోంచి పెద్దగా అరిచాడు. రెండుసార్లూ మర్నాటికల్లా వాన పడింది. అప్పటినుంచి అతని మాటే మాట.

తెరవాలా వద్దా అని తేల్చేది మా అమ్మ. మారెక్క అంటే పందిరి మేస్త్రి. ఆమె ఊ అంటే చక్రాలు తిరుగుతాయి, ఊహూ అంటే లేదు.

నాకు వాన గుర్తు లేదు. వాన మాటలు మాత్రం తెలుసు. పక్కింటి తిప్పవ్వ దగ్గర ఒక్కొక్కటే అడిగి తెచ్చుకుంటాను. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడి, కుండపోత. ఈ రోజు అడిగితే విసుక్కుంది.

"అన్ని పేర్లెందుకు మే నీకు? ఒక్క వానకే గతిల్యాక సస్తాంటే."

అని, మళ్లీ తనే "గాలివాన" అంది.

మృగశిర కార్తె, మూడో రోజు

మృగశిరలో ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. ఎద్దు ఎలా ఉంటుందో బొమ్మలోనే చూశాను. బయట మబ్బు లేదు. తొట్టిలో కింది మెట్టు బయటపడింది. ఆ మెట్టును నేను ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు, చిన్నపిల్లలు దాని మీద కూర్చుని ఆడుకుంటున్నారు.

సాయంత్రం తొట్టి కాడ తిప్పవ్వ కూర్చుని అందరికీ వినపడేలా చెప్పింది. వాళ్ల చిన్నప్పుడు వాన రాకపోతే కప్పకు పెళ్లి చేసేవాళ్లట. రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి, ఇంటింటికీ తిప్పేవాళ్లట. ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి ఆడవాళ్లు కప్ప మీద చెంబుడు నీళ్లు పోయాలి. పోసినంత వాన పడుతుందట.

"మరి పడేదా అవ్వా?" అన్నాను.

"పడినప్పుడు పడేది."

నవ్వారు అందరూ. చాలా రోజుల తర్వాత ఇంతమంది కలిసి నవ్వడం విన్నాను. అమ్మ కూడా నవ్వింది. "చేస్తే పోయేదేముండాది? చేద్దాం" అంది.

రోకలికి కట్టడానికి నేను ఒప్పుకోలేదు. సారు నా వైపే మాట్లాడారు. కుండతో సహా మోసుకెళ్లేట్టు, కుండను రోకలికి వేలాడదీసేట్టు కుదిరింది.

మృగశిర, ఆరో రోజు

పచ్చప్ప పెళ్లి జరిగింది.

పెళ్లికూతురు లేదు. పచ్చమ్మ అని ఆడకప్ప ఉండేది, పోయిన ఏడు చచ్చిపోయింది. ఇంకో కప్ప పందిరిలో ఎక్కడా లేదు. అందుకని వన్నూరు మట్టితో కప్పను చేసి తెచ్చాడు. దానికి పొడుగాటి తోక వచ్చింది.

"ఏరా, ఇది బల్లి కదరా!"

"అలవాటు సార్. ఇరవై దినాల్నించి దాన్నే సూస్తాండా."

తిప్పవ్వ గిన్నెలో ఎర్రటి ముద్ద కలుపుకొచ్చింది. పారాణి. పసుపులో సున్నం కలిపితే ఎరుపొస్తుంది, పెళ్లికొడుకు పాదాలకు పూస్తారు. నేను కుండకు అడ్డం నిలబడ్డాను.

"వద్దవ్వా. వీడు చర్మంతో నీళ్లు తాగుతాడు. ఏది పూసినా లోపలికి పోతాది."

"పారాణి ల్యాకుండా పెండ్లికొడుకును యాడన్నా పంపిస్తారా మే? నీకు అమ్మవారు పోసినప్పుడు ఒళ్లంతా పసుపు రాసింది నేనే. సచ్చినావా?"

"నేను పొట్టతో తాగను కదా."

"సరే, పొట్ట ముట్టుకోను. కాళ్లకే. నీ మాటా వద్దు, నా మాటా వద్దు."

కాళ్లకే కదా అని పక్కకు జరిగాను. తిప్పవ్వ చిటికెన వేలితో ఒక్కొక్క గుండీకీ ఎర్ర చుక్క పెట్టింది. ఆమె చేతులు వణుకుతాయి, కానీ ఒక్క చుక్క కూడా పక్కకు పోలేదు. పచ్చటి వేళ్లకు ఎర్ర చుక్కలు ఎంత బాగున్నాయో చెప్పలేను.

పాటలు పాడుకుంటూ ఇంటింటి ముందూ ఆగాం. ఐదు చెంబుల్లోంచి ఒక చెంబు తీసి పోశారు అందరూ. ఎవరూ వెనకాడలేదు. కుండ నిండి, పొంగి, మోసేవాళ్ల భుజాలు తడిసి, నేల తడిసి, పందిరంతా నాకు పేరు తెలియని వాసన వచ్చింది. చివరికి తడిగది గోడల మీద కూడా మిగిలిన నీళ్లన్నీ చల్లేశాం.

సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. పచ్చప్ప కుండ అంచు మీదికి వచ్చి కూర్చున్నాడు. గొంతు కింద చర్మం ఊదిన బుడగలా లేచింది, అంత చిన్న ఒంట్లోంచి అంత పెద్ద అరుపు వచ్చింది. కుండ దాన్ని ఇంకా పెంచింది. క్రాక్, క్రాక్, క్రాక్ అని ఎండిన దుంగను ఎవరో చీలుస్తున్నట్టు.

నిచ్చెన మెట్లు దిగానో దూకానో తెలియదు. "పలికినాడు! పచ్చప్ప పలికినాడు!" అని అరుస్తూ పరుగెత్తాను.

అమ్మ నా రెండు భుజాలూ పట్టుకుంది. "నీ చెవులతో విన్యావా? వాన అరుపేనా?"

"వాన అరుపేనమ్మా."

అమ్మ చక్రాల వైపు తిరిగి ఊ అంది.

మృగశిర, పదో రోజు

నిన్న మూసేశాం.

పలకలు తెరిచాక మొదటి రోజు అందరం మెడలు పైకెత్తుకుని నిలబడ్డాం. అంత ఆకాశాన్ని గాజు అడ్డం లేకుండా నేను చూడటం అదే మొదటిసారి. రెండో రోజు గాలి లేచింది. దుమ్ము సన్నగా, పిండిలా, ఆగకుండా దిగింది. "ఇంకొంచెంసేపు చూద్దాం, వాన ముందు గాలొస్తాది" అంటూ వచ్చారు. మూడో రోజుకు మళ్ల మీద పచ్చదనం కనిపించలేదు.

కొర్ర మళ్లలో సగం పైగా పోయాయి. తిప్పవ్వ ఇంట్లో చంటిబిడ్డ దగ్గి దగ్గి కళ్లు తేలేసింది, ఇప్పుడు నెమ్మదించింది. అమ్మ మూడు రోజులుగా నిద్ర పోలేదు. కీళ్లకు మళ్లీ మైనం పోస్తున్నప్పుడు ఎవరో వెనక నుంచి, "కప్ప కూత నమ్ముకొని కొంప తెరిస్తిమి" అన్నారు. అమ్మ తిరిగి చూడలేదు. మైనం గరిటె మాత్రం చేతిలో ఆగింది.

తడిగదికి రెండు చెంబులూ ఆపేశారు.

మృగశిర, పన్నెండో రోజు

"ఆ అరుపుకు ముందు ఏం జరిగిందో వరసగా రాయి. దుఃఖం వద్దు. జరిగింది మాత్రం రాయి" అన్నారు సారు.

రాశాను. రాసిన తర్వాత చదువుకుంటే అర్థమైంది.

పచ్చప్పకు వాన సంగతి తెలియదు. తడి సంగతి తెలుసు. వానకు ముందు జల్లెడ కిటికీలోంచి చెమ్మగాలి వచ్చి ఒంటికి తగిలితే అరుస్తాడు. ఆ రెండుసార్లూ జరిగింది అదే. పెళ్లినాడు మేం ఇన్ని చెంబులు పోశాం, గోడలు తడిపాం, తడిగది నిజంగా వానలో ఉన్నట్టే అయిపోయింది. అందుకని అరిచాడు. అబద్ధం చెప్పలేదు. వాన తెప్పించడానికి మేం చేసిన పనికే అతను జవాబిచ్చాడు, ఆ జవాబునే మేం వాన అనుకున్నాం.

ఇంకో సంగతి. అతను మాకోసం ఎప్పుడూ అరవలేదు. మగకప్ప అరిచేది ఆడకప్ప కోసం. గుంటల్లో నీళ్లు చేరుతున్నాయి, గుడ్లు పెట్టే వేళయింది, నేనిక్కడున్నాను రమ్మని. కుండ పక్కన తోక ఉన్న మట్టికప్ప ఇంకా అలాగే ఉంది. దాన్ని తీసి అటకమీద పెట్టాను.

ఇదంతా అమ్మకు చెప్పాను. అన్నం కలుపుతూ విన్నది.

"అయితే అది పెండ్లాం కోసరం అరుస్తాదన్నమాట."

"అవునమ్మా. కానీ గది పొడిగా ఉన్నప్పుడు అరిస్తే మాత్రం..."

"సాలు తల్లీ. తిను."

ఆరుద్ర కార్తె, మొదటి రోజు

పచ్చప్పకు బాగా లేదు.

రంగు మారిపోయాడు. కొర్ర మొలక రంగు పోయి ఎండాకు రంగు వచ్చింది. పొడిగాలికి అలా మారతాడని సారు ముందే చెప్పారు కాబట్టి మొదట పట్టించుకోలేదు. నేను తాగే నీళ్లలోంచి కొంచెం తీసి గుడ్డ తడిపి పరిచాను. పొట్ట ఆనించగానే లేచిపోయాడు. మళ్లీ ఆనించాడు, మళ్లీ లేచాడు. వేడి పెనం మీద చెయ్యి పెట్టి తీసినట్టు.

పైకెత్తి చూశాను. గంజి తెలుపు ఉండాల్సిన పొట్ట మీద ఎర్రగా కాలిన మచ్చలున్నాయి. చిన్న చిన్నవి, గుండ్రంగా, జంటలు జంటలుగా. ఎక్కడివో అని చాలాసేపు చూశాను. ఆ తర్వాత అతను నాలుగు కాళ్లూ పొట్ట కిందికి లాక్కుని ముద్దలా కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది.

పారాణి కాళ్లకే పూశాం. ఆ కాళ్లనే అతను పొట్ట కింద దాచుకుంటాడు. నీళ్లు పోసినప్పుడు పోయినంత పోగా, వేళ్ల సందుల్లో మిగిలిన సున్నం మీద ఇన్ని రోజులుగా పడుకున్నాడు. కాళ్లు ముడుచుకుంటాడని రోహిణి ఐదో రోజున నా చేత్తో నేనే రాశాను.

వేళ్లు ఒక్కొక్కటీ కడిగాను. తిప్పవ్వ నిచ్చెన ఎక్కి వచ్చింది. ఆమె ఈ నిచ్చెన ఎక్కగలదని నాకు తెలియదు. కాసేపు చూసి, కొంగు చివర తడిపి ఇంకో కాలు అందుకుంది.

"పెండ్లికొడుకు కదా అనుకున్యా" అంది చివరికి.

ఆరుద్ర, ఐదో రోజు

తినడం లేదు. చర్మం విడిచే వేళ దాటిపోయింది, విడవలేదు. తిప్పవ్వ రోజూ వస్తోంది. బొద్దింక కాళ్లు తీసి, మెత్తగా చేసి నోటి దగ్గర పెడుతుంది. "తినప్పా, తిను, నీ యవ్వ కదా పెడతాండేది" అంటుంది. నిన్న ఒకటి తిన్నాడు. కళ్లు సగమే లోపలికి పోయాయి.

ఆరుద్ర, ఎనిమిదో రోజు

పొద్దున కాగితం మెత్తగా ఉంది. రాస్తుంటే సిరా పక్కకు పాకింది. వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లి గరిటెకు అంటుకుంది.

తడిగదికి వెళ్లాను. రాత్రి పరిచిన గుడ్డ ఎప్పటిలా ఎండిపోయే ఉంది. గోడలు పొడిగా ఉన్నాయి. జల్లెడ దగ్గర ముఖం పెడితే, పెళ్లినాడు నేల తడిసినప్పుడు వచ్చిన వాసన. చాలా సన్నగా, చాలా దూరం నుంచి. పచ్చప్ప కుండలో లేడు. ఎలా పాకాడో, కిటికీ చట్రం మీద ఉన్నాడు. గొంతు కింద బుడగ సగం లేచింది. అరుపు బొంగురుగా వచ్చింది, మధ్యలో తెగింది. మళ్లీ అరిచాడు.

పరుగెత్తాను. అమ్మ మళ్లలో మళ్లీ విత్తిన కొర్రలకు నీడ గుడ్డలు కడుతోంది. మిగిలిన విత్తనమంతా అవే.

"అమ్మా, తెరిపించు. వాన వస్తాండాది."

అమ్మ గుడ్డ ముడి బిగించింది. "మొన్న కూడా ఇట్లనే పరుగెత్తుకోని వస్తివి."

"మొన్న గది తడిగా ఉండె. ఇప్పుడు పొడిగా ఉండాది. బయట తడి తగిలితేనే అరిచినాడు. ఉప్పు చెమర్చింది చూడు."

"నువ్వు ఆ తడిగుడ్డలు ఇంట్లో ఆరేస్తే చెమర్చకేం జేస్తాది?"

"అమ్మా!"

"అది పెండ్లాం కోసరం అరుస్తాదని నువ్వే చెప్తివి. సారు కూడా అవునన్యాడు. నీ మాట మింద ఒకసారి తెరిచినా సుంకూ. ఈ మొలకలు కూడా పోతే వచ్చే ఏటికి గింజ ల్యా. నేను నిన్ను నమ్మాలనుకున్యా కూడా..." అమ్మ చేతుల వంక చూసుకుంది. "ఈ చేతులు లేవవు."

ఆమె అన్నదాంట్లో తప్పేదో నాకు దొరకలేదు. అదే అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఫకీరప్ప సారు వచ్చి అడిగారు. వన్నూరు కూడా వచ్చి, బల్లులన్నీ పైకప్పు దాకా ఎక్కాయని చెప్పాడు. ఎవరో "ఈసారి బల్లి చెప్తాండాది" అని నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఊహూ అని మళ్లీ గుడ్డ కట్టడానికి వంగింది.

మధ్యాహ్నం దాటాక పందిరి చీకటైంది. అందరం పైకి చూశాం. గాజు మీద ఒక మచ్చ పడింది. పక్కన ఇంకొకటి. తర్వాత మచ్చలు లేవు, పందిరంతా ఒకటే మోత.

అమ్మ కేక వేసింది. అందరికన్నా ముందు నిచ్చెన ఎక్కింది. మైనం గీకే కత్తులు ఆరు ఉంటే అరవై చేతులు లేచాయి. గరిటెలతో గీకారు, పలకరాళ్లతో గీకారు, గోళ్లతో గీకారు. పైన నీళ్లు గాజు మీంచి తెరలు తెరలుగా జారి, పూడిపోయిన కాలువల మీంచి పొర్లి, ఇసుకలోకి పోతున్నాయి. గాజుకు ఇవతల నిలబడి అరచేతులు ఆనించినవాళ్ల మీదుగా నీళ్ల నీడలు పారుతున్నాయి. ఆడవాళ్లు చెంబులు పట్టుకుని, బయటి దుమ్ము లోపలికి రాకుండా రెండు తలుపులు పెట్టిన దుమ్ముగది దగ్గరికి పరుగెత్తారు. అందులోంచి ఒక్కొక్కరే బయటికి వెళ్లగలరు.

నేను తడిగదికి వెళ్లాను.

జల్లెడలోంచి తుంపర లోపలికి కొడుతోంది. పచ్చప్ప జల్లెడను పట్టుకుని ఉన్నాడు. ముడుచుకోలేదు. నాలుగు కాళ్లూ బారజాపి, గుండీలన్నీ పెట్టుకుని, పొట్ట జల్లెడకు ఆనించి ఉన్నాడు. ఒళ్లంతా తడిసింది. ఒకసారి బుడగ లేచింది. శబ్దం రాలేదో, వానమోతలో నాకు వినపడలేదో. బయట ఎక్కడైనా ఇంకో కప్ప జవాబిస్తుందేమోనని చెవి పెట్టి విన్నాను. వాన తప్ప ఏమీ లేదు.

పొద్దు గుంకకముందే ఆగిపోయింది. మొదటి పలక కిర్రుమని తెరుచుకుంది అప్పుడే. దాని అంచు నుంచి ఒక్క ధార తొట్టిలో పడి, చినుకులై, ఆగింది.

పచ్చప్పను జల్లెడ నుంచి తీశాను. గుండీలు ఒక్కొక్కటీ ఊడదియ్యాల్సి వచ్చింది.

ఆరుద్ర, తొమ్మిదో రోజు

కొర్ర మడి మూలలో పూడ్చాం. పిలవకుండానే వచ్చారు అందరూ.

దుమ్ముగది దాటి వెళ్లగలిగినవాళ్లకు తలా ఒక చెంబు, అర చెంబు దొరికాయి. తిప్పవ్వకు చెంబు నిండా దొరికింది. రాత్రంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుందట, ఒక్క గుక్క కూడా తాగలేదట. మన్ను కప్పాక ముందుకు వచ్చి, ఆ చెంబు మొత్తం దాని మీద పోసింది. తర్వాత ఇంకొకరు పోశారు. తర్వాత ఇంకొకరు. పెళ్లినాటి వరసలోనే ఇంటింటి ఆడవాళ్లూ వచ్చి పోశారు. ఈసారి ఎవరూ పాడలేదు.

మట్టి నల్లబడింది. తిప్పవ్వ వంగి చిటికెడు తీసి, వేళ్ల మధ్య నలిపి చూసింది.

"అవ్వా, నిన్న వచ్చింది ఏ వాన?" అన్నాను. ఇలాంటి వేళ కూడా మాటలు అడుగుతున్నానని సిగ్గేసింది.

"పదునువాన" అంది. "విత్తనమేసుకొనే వాన."

అమ్మ అందరికన్నా చివర నిలబడి ఉంది. గోళ్లకు గుడ్డ చుట్టుకుని ఉంది. ఆమెకు వాన నీళ్లు దొరకలేదు, పైన చక్రాల దగ్గరే ఉండిపోయింది కదా. తన వంతు తాగే నీళ్లు తెచ్చి పోసింది.

పునర్వసు కార్తె, మొదటి రోజు

చరిత్ర అయిపోయిందనుకుని కాగితాలు సారుకు ఇచ్చాను. గుండీల వాక్యం ఆయన కొట్టెయ్యలేదు. అన్నీ చదివి, తిరిగి నా చేతిలోనే పెట్టి, "మీ అమ్మ పిలుస్తోంది, పో" అన్నారు.

అమ్మ తడిగదిలో ఉంది. ఖాళీ కుండను కిటికీ పక్కకు జరిపి, అక్కడ ఒక పీట వేస్తోంది.

"రేపట్నించి పొద్దున, సాయంత్రం ఇక్కడ కూర్చో. గాలి మారితే నాకు చెప్పు."

"నాకెట్ల తెలుస్తాదమ్మా? నా చర్మం నీళ్లు తాగదు."

"నువ్వు చెప్తే తెరుస్తా."

"తప్పయితే?"

అమ్మ వంగింది. పీట గట్టిగా ఉందో లేదో చేత్తో అదిమి చూసింది.

కూర్చున్నాను. చెయ్యి వెనక వైపు చర్మం పలుచగా ఉంటుంది కాబట్టి దాన్ని జల్లెడకు ఆనించాను. ఒకచోట జల్లెడ కళ్లలో ఎండాకు రంగు పొర సన్నగా ఎండి అతుక్కుని ఉంది. పచ్చప్ప విడవకుండా ఉంచుకున్న చర్మం కొంచెం. దాన్ని తియ్యలేదు. కాసేపటికి అమ్మ నా పక్కన నేల మీద కూర్చుని, గుడ్డలు చుట్టిన చెయ్యి తనూ జల్లెడకు ఆనించింది.

"ఏమన్నా తెలుస్తాండాదా?"

"లేదమ్మా. పొడిగానే ఉండాది."

అమ్మ చెయ్యి తియ్యలేదు. నేనూ తియ్యలేదు.